కరుణమ్మ వదిన బతికే ఉంది

ముందు ఒక మాట చెప్పేస్తాను, తర్వాత టీ తాగుదాం. మా కరుణమ్మ వదిన బతికే ఉంది. మొన్న శనివారం నుంచి నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "ఎలా జరిగిందండీ, పాపం" అని అడిగిన వాళ్ళందరికీ ఇదే చెప్తున్నా. ఆవిడ ఇవాళ పొద్దున కూడా వాకింగ్‌కి వెళ్ళొచ్చి శుభ్రంగా ఇడ్లీ తిన్నది. ఇక నా కళ్ళంటారా, ఇలా ఎర్రగా వాచిపోయి ఉన్నాయి కాబట్టి ఏడ్చి ఏడ్చి స్కూలుకొచ్చాననుకుంటున్నారు. హెడ్మిస్ట్రెస్ గారైతే నా భుజం మీద చెయ్యేసి, "సెలవు పెట్టాల్సింది సునీతా" అన్నారు. ఏడుపు కాదండీ, కారం. కూర్చోండి చెప్తా.

మా వదినంటే మా ఆయనకి అక్క. గవర్నమెంటాస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడా, ఆవిడ భర్త యేసురత్నం అన్నయ్యా కృష్ణ ఒడ్డున రిజర్వాయరు పక్కనున్న ఒక చిన్న టౌన్లో ఉంటారు. డ్యాం కట్టే రోజుల్లో పనివాళ్ళకని వేసిన కాలనీలే పెరిగి పెరిగి ఊరయ్యాయి. అన్నయ్య కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి అక్కడే ఉండిపోయాడు. వాళ్ళింటి వెనక నుంచే కొండలు మొదలు. మరీ పెద్దవేం కాదు, నాపరాళ్ళ గుట్టలు, మధ్యమధ్యలో రేగు, తుమ్మ, బలుసు పొదలు. వాటి మీద కాలిబాటలున్నాయి. ఒకటి మేకలవాళ్ళది, ఒకటి కట్టెలకెళ్ళే వాళ్ళది, ఒకటి చేపలవాళ్ళు రిజర్వాయర్లోకి దిగేది. ఎప్పట్నుంచో ఉన్న బాటలే. ఈమధ్య వాటికి ట్రెక్కింగ్ రూట్లని పేరొచ్చింది. బండల మీద పసుపు రంగుతో బాణాలేశారు. శని, ఆదివారాలొస్తే హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ కుర్రకారు దిగుతున్నారు, మూటల్లాంటి బ్యాగులు వీపుకి తగిలించుకుని.

నాకు షుగరు బోర్డర్లో ఉంది, నడవమన్నాడు డాక్టరు. సత్తెనపల్లిలో ఎక్కడ నడుస్తాం? రోడ్డు మీద నడిస్తే పత్తి లోడు లారీలు, గ్రౌండులో నడిస్తే మన పిల్లలు చూసి నవ్వుతారు. ఆ మాట వదినతో అంటే, రెండో శనివారం రావే, కొండెక్కిద్దాం, ఒక్క రోజుకి నీ షుగరంతా దిగిపోద్ది అంది. ఆవిడ రోజూ ఎక్కుతుంది. అరవై దాటినా మోకాళ్ళ నొప్పనేది తెలీదు.

నా ధైర్యం సంగతి మీకు తెలుసుగా. బాత్రూంలో బల్లి కనపడితే మా ఆయన దాన్ని పంపించి, వెళ్ళిపోయిందని రెండుసార్లు చెప్తేగానీ లోపలికి పోను. అలాంటిదాన్ని కొండకి బయల్దేరుతుంటే, ఆ మహానుభావుడు శుక్రవారం పొద్దున్నే ఒక వీడియో పంపించాడు. ఎవరింటి ప్రహరీ గోడ మీదో చిరుతపులి నడుచుకుంటూ వెళ్తోంది. ఏ ఊరో ఏమో లేదు. కింద 'జాగ్రత్త' అని రాసి రెండు దణ్ణాల బొమ్మలు. ఆ రాత్రికే వదిన వాళ్ళింటికి చేరిపోయాను, అక్కడ మంచం మీద కూచుని ఆ వీడియో నాలుగైదుసార్లు చూశాను. చూసి, వంటింట్లోకెళ్ళి, కొత్త కారం ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసుకుని చుడీదార్ జేబులో పెట్టుకున్నాను. తేజ రకం. మూత తీస్తేనే తుమ్ములొచ్చేది. మీద పడితే ఎంత పులైనా ఆగుతుందని నా లెక్క.

టిఫిన్ వదినే కట్టింది. చపాతీలూ, చికెన్ ఫ్రై, స్టీలు క్యారియర్లో. వదిన కూతురు, మా మేనకోడలు, కాలేజీ రోజుల్లో వాడిన బ్యాగొకటి ఉంటే అందులో క్యారియరూ, నీళ్ళ సీసా, తువ్వాలూ సర్దారు. బ్యాగు నేను తగిలించుకున్నాను. నీ ఫోనేదీ వదినా అంటే ఇంట్లో ఛార్జింగ్ పెట్టానంది. కొండ మీద నాకెవరితో పనీ అంది. నా ఫోనుందిగా, అదే చాలనుకున్నాం.

కొండ మొదట్లో ఒక బోర్డుంది. 'ఈ ప్రాంతమున వన్యప్రాణులు సంచరించును. గుంపులుగా వెళ్ళవలెను' అని. పక్కన చిరుత బొమ్మ. ఎండకి రంగు వెలిసి మొహమంతా పోయింది గానీ కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. నేను అక్కడే ఆగిపోయాను. వదినా, మనిద్దరం గుంపు కిందకొస్తామా అనడిగాను. నీ లావూ నా లావూ కలిపితే వస్తాం, నడువు అంది.

ఎక్కడం బాగానే ఎక్కాం. నిజం చెప్పొద్దూ, పైకెళ్ళాక చాలా బాగుంది. ఒకవైపు రిజర్వాయరు, నీళ్ళు వెనక్కి తగ్గి ఒడ్డంతా పలకలు పలకలుగా బయటపడింది. ఇంకోవైపు పొలాలు. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయేమో, అంతెత్తు నుంచి చూస్తే ఎవరో ఎర్ర దుప్పట్లు పరిచినట్టుంది. నేను ఫోను తీసి ఒకటే ఫోటోలు, వీడియోలు. ఫోన్లో ఛార్జింగెంతుందో చూసుకోలేదు. రాత్రంతా ఆ పులి వీడియో చూసి పడుకున్నానేమో, ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయాను కూడాను.

పై బండ దాటాక బాట సన్నబడింది. ఒక పక్క పొదలు, ఒక పక్క రిజర్వాయరు వైపు జారుడు. వదిన ముందు, నేను వెనక. మనుషుల అలికిడి లేదు. అప్పుడు వినపడింది.

గుర్‌ర్‌ర్... గుర్‌ర్‌ర్... అని.

గట్టిగా కాదు. గొంతులో అణుచుకుని మూలిగినట్టు. నా వెనక నుంచి. సరిగ్గా వీపు వెనక నుంచి. వెన్నుపూస మొదట్నుంచి మెడ దాకా జలజలా వణుకొచ్చింది. నేను కదల్లేదు. అదీ ఆగిపోయింది. వదిన వెనక్కి తిరిగి, ఏంటే ఆ చప్పుడు అంది. ఆవిడకీ వినపడిందన్నమాట. నా భ్రమ అయితే బాగుండుననుకున్నాను, అదీ పోయింది.

మెల్లిగా తల తిప్పి చూశాను. ఏమీ లేదు. పొదలు, రాళ్ళు, ఎండ. మళ్ళీ ముందుకి తిరిగానో లేదో, మళ్ళీ గుర్‌ర్‌ర్. మళ్ళీ వీపు వెనకే. గిరుక్కున తిరిగాను. అటు తిరిగితే ఇటు, ఇటు తిరిగితే అటు, ఎటు తిరిగినా నా వెనకే ఉంటోంది. ఇంత వేగంగా కదిలే జంతువేమిటని ఆలోచిస్తే నాకు ఒకే ఒకటి గుర్తొచ్చింది. గోడ మీద నడిచినది.

వదిన పరుగెత్తొద్దంది. పరుగెత్తితే వెంటపడతాయంట. గట్టిగా మాట్లాడుకుంటూ నడుద్దాం అంది. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. ఆవిడ నన్ను మా పిల్లల మార్కులడిగింది. నేను చెప్పాను. ఏ సబ్జెక్టుకెంత చెప్పానో నాకు గుర్తు లేదు. మధ్యలో అది మళ్ళీ మూలిగింది. ఇద్దరం మాట్లాడటం మానేశాం.

ఇక మా ఆయనకి ఫోన్ చేశాను. సిగ్నలొక గీత ఉంది, ఛార్జింగు ఎర్రగా ఉంది. ఆయన సత్తెనపల్లిలో, పేపరు చదువుకుంటూ ఉన్నాడు. నేను గుసగుసగా, "ఏవండీ, పులి" అన్నాను. "పులిహోరా? తినండి, మంచిదేగా" అన్నాడు. ఇంకాస్త గట్టిగా చెప్పాను. పులి మా వెనకే ఉందనీ, వదినని పట్టుకుని నడుస్తున్నాననీ, ఛార్జింగ్ అయిపోయిందనీ. చెప్తుండగానే ఫోను ఆగిపోయింది.

నేను చెప్పింది ఇదీ. ఆయనకి వినపడిందేమిటో తర్వాత తెలిసింది. "పులి... వదినని పట్టుకుని... అయిపోయింది." అంతే. తర్వాత టుంయ్‌మని ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

మాకు ఇదేం తెలీదు కదా. ఫోన్ చేశాం, ఎవరో వస్తారులే అని రెండడుగులేశామో లేదో, చప్పుడు ఎక్కువైంది. ఇంతకుముందు ఎప్పుడో ఒకసారి వచ్చేది, ఇప్పుడు ఆగీ ఆగకముందే మళ్ళీ. దానికి కోపమొచ్చిందనుకున్నాను. ఫోన్లో మాట్లాడటం నచ్చలేదేమో అనుకున్నాను. భయంలో మనిషికి ఏమైనా తోస్తుంది.

సరిగ్గా అప్పుడే బాట పక్కన పొద కదిలింది. గాలికి కదిలిందో, ఉడతో, తొండో నాకు తెలీదు. జేబులోంచి డబ్బా తీశాను. వదిన వద్దని అరిచిందట, నాకు వినపడలేదు. మూత తీసి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తల్చుకుని, మళ్ళీ కళ్ళు పెద్దవి చేసి, పొద మీదికి డబ్బా మొత్తం విసిరాను.

కళ్ళు మూసుకునే విసరాల్సింది. రిజర్వాయరు మీద నుంచి గాలి ఎదురొస్తుందని ఎవరికి తెలుసు. కారం పొద దాకా వెళ్ళనే లేదు. గాల్లో ఎర్రగా లేచింది, ఒక్క క్షణం ఆగినట్టనిపించింది, మొత్తం నా మొహం మీదకొచ్చింది.

ఆ మంట నేను చెప్పలేను. కళ్ళలో ఎవరో నిప్పులు పోసి మూత పెట్టినట్టుంది. అరిచాను. అరవడానికి నోరు తెరిస్తే నోట్లోకీ వెళ్ళింది. వదిన కూడా ఒకటే దగ్గు. ఆవిడ దగ్గుతూనే నన్ను కూచోబెట్టి, నీళ్ళ సీసా తీసి, బలవంతంగా రెప్పలు విప్పి కళ్ళు కడిగింది. చెయ్యి పెట్టొద్దు, నలపొద్దు అని ఆస్పత్రిలో పేషంట్లని కసిరినట్టు కసిరింది. సీసా ఖాళీ అయింది. నాకు వెలుగు తెలుస్తోంది తప్ప మనిషి కనపడట్లేదు.

అలా లేచాం. వచ్చిన బాటలో వెనక్కి పోదామంటే అది వెనకే ఉందాయె. ముందుకే దిగుదామంది వదిన, అటు నుంచీ ఒక బాట కాలనీకొస్తుందంట. నేను ఆవిడ చీర కొంగు చేతికి చుట్టుకున్నాను. ఒక చెయ్యి కొంగు మీద, ఒక చెయ్యి కొండ వైపు రాళ్ళ మీద. ఇక్కడ బండ, కాలు పైకెత్తు అంటుంది. ఇక్కడ పల్లం, కూచుని జారు అంటుంది. నాపరాయి మీద ఇసుక ఉంటే చెప్పు నిలవదు. ఒకచోట నా కాలు జారి రాయొకటి కదిలి కిందికి దొర్లింది. అది ఎంతసేపు దొర్లిందో విన్నాను. కింద నీళ్ళలో పడిన చప్పుడు విన్నాను. ఆ పక్క ఎంత లోతుందో అప్పుడే నాకు తెలిసింది. కళ్ళు కనపడకపోవడమే నయమనిపించింది.

వెనక మాత్రం అది ఆగట్లేదు. మేం ఆగితే ఆగుతుందేమోనని ఆగి చూశాం. లేదు. నేను బతిమాలాను కూడా. దాన్నే. మేమేం చేశాం నిన్ను, వెళ్ళిపో తల్లీ అన్నాను. ప్రార్థన చేద్దామని మొదలుపెడితే రోజూ చెప్పుకునే మాటలే ఒక్కటీ నోటికి రాలేదు. మా పిల్లలు గుర్తొచ్చారు. ఫ్రిజ్‌లో మాగాయ పచ్చడుందని వాళ్ళకి తెలీదు కదా అనుకున్నాను. అలాంటప్పుడు పచ్చడి గుర్తొస్తుందని ఎవరైనా చెప్తే నేను నమ్మేదాన్ని కాదు.

అప్పటిదాకా వదిన గొంతు మామూలుగానే ఉంది. ఆవిడుంది కాబట్టి ఫర్వాలేదనుకుంటూ వచ్చాను. ఒకచోట పెద్ద మలుపు దగ్గర ఆవిడ ఆగి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"సునీతా, నాకూ భయంగానే ఉందమ్మా" అంది.

ఎంతోమంది చావుబతుకుల్లో ఉన్నప్పుడు పక్కన నిలబడిన మనిషి. ఆ మాట ఆవిడ నోట వినేసరికి అక్కడే కూలబడ్డాను. ఆవిడా నా పక్కన కూచుంది. ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకున్నాం. నా వీపులో వణుకు మాత్రం వస్తూ పోతూ ఉంది. ఇంత భయపడుతున్నానా అని నా మీద నాకే జాలేసింది.

కాసేపటికి వదినకే ఆలోచన వచ్చింది. అది మన కోసం రావట్లేదే, చికెన్ వాసనకొస్తోంది అంది. నాకూ నిజమే అనిపించింది. లేకపోతే ఇంత దూరం వచ్చి మీద పడకుండా ఎందుకాగుతుంది. ఆవిడ నా వీపు మీద నుంచి బ్యాగు మెల్లిగా తీసి, వెనక్కి నడిచి, మేం దాటొచ్చిన బండ మీద పెట్టొచ్చింది. ఆ నాలుగడుగులు ఆవిడ ఎలా వేసిందో నేను చూడలేదు గానీ, ఆవిడ తిరిగొచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

బ్యాగు దిగేసరికి నా వీపు తేలికైంది. వణుకు కూడా తగ్గింది. బరువు దిగింది కదా అనుకున్నాను.

నాలుగడుగులు దిగామో లేదో వెనక నుంచి గుర్‌ర్‌ర్ అని వినపడింది. ఈసారి మా వెంట రాలేదు. బ్యాగు దగ్గరే ఉండిపోయింది. చూశావా, తింటోంది అంది వదిన. ఇద్దరం ఇంక ఆగలేదు. కళ్ళు కనపడని నేను, దగ్గుతో ఆవిడ, ఆ దిగుడు కూచుని జారామో, నిలబడి నడిచామో తెలీదు. నా చుడీదారు వెనకంతా చిరిగిపోయింది. ఆవిడ చెప్పొకటి అక్కడెక్కడో ఉంది.

కొండ కిందికొచ్చేసరికి మనుషుల గొంతులు వినపడ్డాయి. కాలనీ మగవాళ్ళు, కర్రలు, ఒకాయన చేతిలో పళ్ళెం, దాన్ని గరిటెతో కొడుతున్నాడు. ఖాకీ చొక్కాలో ఫారెస్టు వాచరొకాయన. వదిన వాళ్ళ పాస్టరు గారు. వాళ్ళందరికీ ముందు మా అన్నయ్య. లుంగీ మీదే వచ్చేశాడు, ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి వదిన చెప్పు. అప్పటికి నాకు మసకమసకగా కనపడుతోంది. ఆయన వదినని చూశాడు. ఉన్నచోటే మట్టిలో కూచుండిపోయి, రెండు చేతులూ మొహానికి పెట్టుకున్నాడు. వదిన వెళ్ళి ఆయన పక్కన నిలబడి, తల మీద చెయ్యేసి, ఏంటయ్యా ఇది, లే, అందరూ చూస్తున్నారు అంది. ఆయన లేవలేదు. ఆ లుంగీ మనిషి భుజాలు అలా కదులుతుంటే నాకు కారం లేకుండానే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

తర్వాత ఒకటే ప్రశ్నలు. ఎక్కడ, ఎలా ఉంది, ఎంతుంది. చూడలేదు గానీ విన్నామన్నాం. ఇప్పుడు పైన బండ మీద మా క్యారియర్ తింటోందన్నాం. వాచరు గారికి నమ్మకం కుదరలేదు, ఈ గుట్ట మీద చిరుత తిరిగిన జాడ ఈమధ్య లేదే అన్నాడు. సరే పదండి చూద్దామన్నాడు. వదిన చోటు చూపించడానికి వెళ్ళింది. నన్ను కింద ఉండమన్నారు. ఒక్కదాన్నే ఎలా ఉంటాను? అందరికీ మధ్యలో దూరి నేనూ ఎక్కాను.

బండ మీద బ్యాగు పెట్టింది పెట్టినట్టే ఉంది. జిప్ కూడా తెరవలేదు. చుట్టూ ఏమీ లేదు. వాచరు గారు కర్రతో పొదలు కదిపి చూస్తున్నాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటున్నారు.

గుర్‌ర్‌ర్ అంది.

అంతమందీ ఒక్కసారే వెనక్కి జరిగారు. నేను ఎవరి కాలో తొక్కాను. పళ్ళెం కొట్టే ఆయన పళ్ళెం వదిలేశాడు, అది బండల మీద దొర్లుతూ పోయింది. పాస్టరు గారు కళ్ళు మూసుకుని చెయ్యి పైకెత్తారు. వాచరు గారు మాత్రం కదలకుండా చెవి పెట్టి వింటున్నాడు.

మా అన్నయ్య ముఖం చిట్లించాడు. లుంగీ మడతలోంచి తన ఫోన్ తీసి, ఆ చప్పుడు ఆగిందాకా ఉండి, ఒక నంబరు నొక్కాడు. బ్యాగు గుర్రుమంది. ఆయన కట్ చేశాడు. బ్యాగు ఆగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గుర్రుమంది. ఆయన మా వదిన వైపు తిరిగి చాలా మెల్లిగా చెప్పాడు.

"కరుణా, అది నీ ఫోను."

సంగతేమిటంటే, పొద్దున మేం బయల్దేరేటప్పుడు ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ చూసి, ఆడవాళ్ళిద్దరే వెళ్తున్నారు, ఉంటే మంచిదని ఆయనే దాన్ని తీసి బ్యాగులో, క్యారియర్ పక్కన దోపాడంట. చెప్తే వదిన వద్దంటుందని చెప్పలేదు. ముందురోజు ఉపవాస ప్రార్థనలో వదిన దాన్ని వైబ్రేషన్లో పెట్టింది, మళ్ళీ మార్చలేదు. స్టీలు క్యారియర్‌కి ఆనుకుని ఉందేమో, ఫోనొచ్చినప్పుడల్లా ఆ గిన్నెలన్నీ కలిసి గుర్రుమన్నాయి. మొదట చేసింది హైదరాబాదు నుంచి మా మేనకోడలు, పొద్దున్నే అమ్మతో మాట్లాడదామని. తర్వాత చేసింది మా ఆయన, అన్నయ్య, పాస్టరు గారు, సంఘంలో సగం మంది. ఎవరూ ఎత్తకపోయేసరికి ఇంకా చేశారు. మా వీపు మీద పులిని వాళ్ళే అలా పెంచి పోషించారు. నాకు వెన్నులోంచి వచ్చిన వణుకు భయం కాదండీ, అది కూడా ఫోనే.

వాచరు గారు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. నవ్వాపుకోవడానికని తర్వాత అర్థమైంది. పాస్టరు గారు చెయ్యి దించి, ఏదైనా దేవుని కృపేనమ్మా అన్నారు. క్యారియర్ విప్పి చికెన్ అందరం తలా ముక్కా తిన్నాం. పొద్దున్నుంచీ ఎవరూ ఏమీ తినలేదు.

అయితే అసలు కష్టం ఇంటి దగ్గరుంది. మేం కాలనీ వీధిలోకి తిరిగేసరికి టెంట్ హౌస్ ఆటోలోంచి కుర్చీలు దిగుతున్నాయి. వాకిట్లో ఆడవాళ్ళంతా కూచుని ఉన్నారు, కొంగులు నోటికడ్డం. గోడ మీది వదిన ఫోటో తీసి స్టూలు మీద పెట్టారు. వదిన గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. వాకిలంతా గప్‌చుప్. ఒకావిడ మాత్రం చూసుకోకుండా ఇంకో రెండు మాటలు ఏడ్చి, అప్పుడు తలెత్తింది. వదిన ఎవరినీ పలకరించకుండా ఫోటో దగ్గరకెళ్ళి, కాసేపు చూసి, ఇది ట్రైనింగ్‌లో తీసింది కదా, రెండు జడలేసుకుని ఉన్నాను, పోయినేడు తీయించుకున్న మంచి ఫోటో బీరువాలో ఉందిగా, అది పెట్టొచ్చుగా అంది.

ఇంతలో మా ఆయన దిగాడు, స్నేహితుడి బండి మీద. దారి పొడుగునా ఏడుస్తూ వచ్చాడంట, హెల్మెట్ తియ్యగానే తెలిసిపోయింది. అక్కని చూసి, నన్ను చూసి, ముందు అక్కని పట్టుకుని ఏడ్చాడు, తర్వాత నన్ను పట్టుకుని తిట్టాడు. నేనేమన్నానో, తనకేం వినపడిందో వీధంతటికీ విడమర్చి చెప్పాడు. పులిహోర సంగతి మాత్రం చెప్పలేదు. అది నేను చెప్పాను.

కబురు ఎక్కడెక్కడికి పాకిందో తలుచుకుంటే నాకు మళ్ళీ భయమేసింది. ఫోన్లు పట్టుకుని అందరం తలో వైపూ కూచున్నాం, బతికే ఉంది, బతికే ఉంది అని చెప్పుకుంటూ. పర్చూరు చుట్టాలు దారిలో ఉండి వెనక్కి తిరిగారు. కొంతమంది నమ్మలేదు, ఆవిడతోనే మాట్లాడించమన్నారు. వదిన విసుక్కుంటూ అందరితోనూ మాట్లాడింది. పొదిలి చిన్నత్తయ్యకి మాత్రం చెప్పలేకపోయాం. చిన్నత్తయ్యంటే మా అత్తగారి చెల్లెలు, వదినకి పిన్ని. ఆవిడకి ఫోనుండదు, పక్కింటి వాళ్ళకి చేస్తే, కబురు వినగానే బయల్దేరి వెళ్ళిపోయిందన్నారు.

ఆవిడ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కుర్చీలు ఎలాగూ వచ్చాయి, అంతమందిని ఊరికే ఎలా పంపుతామని అన్నయ్య కోళ్ళు తెప్పించాడు. అందరం భోజనాలకి కూచున్నాం. వదినే వడ్డిస్తోంది. వీధి మొదట్లో ఆటో ఆగింది. చిన్నత్తయ్య తెల్లచీర కట్టుకుని, చేతిలో పెద్ద బంతిపూల దండ కవరుతో, వీధి మొదట్నుంచే శోకాలు పెడుతూ వస్తోంది. నా తల్లీ కరుణమ్మా, నిన్ను పులి నోట పెట్టడానికేనా ఎత్తుకు పెంచిందీ అని. వాకిట్లోకొచ్చి ఆగిపోయింది. ఎదురుగా వదిన, చేతిలో చారు గిన్నె.

"పిన్నీ, కాళ్ళు కడుక్కో. వేడిగా ఉంది, తిందువుగాని" అంది వదిన.

చిన్నత్తయ్య గుమ్మంలో కూలబడింది. ఈసారి నిజంగా ఏడ్చింది. వదిన బుగ్గలు, చేతులు, జుట్టు తడిమి తడిమి చూసింది. నీళ్ళిచ్చాం. కాస్త తేరుకున్నాక జరిగిందంతా నేనే చెప్పాల్సొచ్చింది, పక్కన కూచుని, తలొంచుకుని. ఆవిడ చివరిదాకా విన్నది. ఒక్కసారి కూడా నవ్వలేదు. మూడు బస్సులు మారి వచ్చిందంట, బస్సులో ఏడుస్తుంటే పక్క సీటావిడ కూడా ఏడ్చిందంట, పొలంలో కూలీలనొదిలేసి వచ్చిందంట. అన్నం తిన్నది. చెయ్యి కడుక్కున్నది. కొంగుతో తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, మళ్ళీ నీ దగ్గర్నుంచి చావు కబురొస్తే నేను సమాధి కార్యక్రమానికి రాను. ఆ తర్వాతెప్పుడో పెట్టే జ్ఞాపకార్థ కూడికకొస్తా. ఈలోపు నిజమో కాదో తేలిపోద్ది."

ఆవిడన్నదాంట్లో నాకు తప్పేమీ కనపడలేదు. సరే అత్తయ్యా అన్నాను.